మడ్డి ట్యాంకుల సన్న గొంతు

చందూరు నుంచి బోధన్ పోయే బాటల, ఎప్పుడో మూతబడ్డ చిన్న చక్కెర మిల్లు ఒకటుండె. గోడలు కూలినయి గని, చక్కెర తీయంగ మిగిలే నల్లటి మడ్డిని పోసే ఇనుప ట్యాంకు మాత్రం చెరుకు తోటల నడుమ అట్లనే నిలబడ్డది. పొద్దుగూకినంక బండ్లోళ్లు కూడా అటుదిక్కు పోకపోయేది.

ఒక పిల్లగాడు అండ్ల పడి సచ్చిండట... చీకటి పడితే పాడుతడట. ఎవరి పిల్లగాడు? ఏమో. ఏ ఊరోడు? ఏమో. పాడుతడన్నది మాత్రం అందరికీ తెలుసు.

గక్కడ రామ్‌దాస్ మాస్టర్‌కు ఏమైందో ఆయన నోటనే ఊరంత విన్నది. తన మీద తానే నవ్వుకుంట చెప్పెటోడు. పందొమ్మిది వందల అరవై మూడో సాలు, చెరుకు నరికే కాలం.

మాస్టర్ చందూరుల బట్టలు కుట్టేటోడు. సాయంత్రాలు పిల్లల భజన మండలి నడిపించేటోడు. మండలిల అందరూ మగపిల్లలే.

ఎందుకట్ల అంటే దానికో కథ. ఓసారి నిజామాబాద్‌ల మిషనోళ్ల గుడి ముంగట నిలబడి పాట విన్నడు. పాడేటోళ్లు అంత మగపిల్లలే, గొంతులు గంటలు కొట్టినట్టు ఉన్నయి. ఆడపిల్లలు లేరేందని పాదిరిని అడిగిండు.

"ఒకప్పుడు మా గుళ్లల్ల ఆడోళ్లు పాడొద్దనేటోళ్లు. పై గొంతు కావాలె గద, అందుకని చిన్న పిల్లగాండ్లను నిలబెట్టిండ్రు. అదే అలవాటయింది," అన్నడు పాదిరి.

మాస్టర్ సగమే చెవినబెట్టిండు. ఇంటికొచ్చి సొంతంగ ఒక శాస్త్రం తయారుచేసిండు. "మగపిల్లగాని గొంతు కంచు. ఆడపిల్ల గొంతు మట్టి. కండ్లు మూసుకొని చెప్త ఏది ఏదో!"

మండలిల మొదటి గొంతు హన్మండ్లుది. వాని చెల్లె నాగవ్వ నేను కూడా పాడుతనని వస్తే, "నువ్వు హారతి పళ్లెం పట్టుకో బిడ్డా," అని పంపిండు.

దత్త జయంతికి బోధన్‌ల భజన పోటీ. మండలి పేరు రాయించి, మాస్టర్ సైకిల్ మీద వాపసు వస్తున్నడు. పొద్దుగూకింది. సరింగ ట్యాంకు కాడికి రాంగనే... చైను పడ్డది.

కూసున్నడు. చేతులకు గ్రీసు. చెరుకాకులు గరగరమంటున్నయి.

అప్పుడు— ట్యాంకుల నుంచి పాట.

సన్నటి గొంతు. పైకి పోతున్నది... ఇంకా పైకి... ఇనుమంత మోగుతున్నది. ఆ పాట తను కట్టిందే!

అంత భయంల కూడా మాస్టర్ శాస్త్రం విడువలే. "మగపిల్లగాడే. కంచు గొంతు... సచ్చినా సుతి తప్పలే," అనుకున్నడు.

పాట ఆగింది.

మళ్ల అదే చరణం. ఈసారి బొంగురు గొంతు— మొగోనిది. నడుమల పుటుక్కున పగిలి సన్నగయింది... మళ్ల బొంగురైంది. పిల్లగాని నోట్లకెల్లి ముసలోడు పాడుతున్నట్టు.

మాస్టర్ చెరుకు తోటలబడి ఉరికిండు. ఎవరో దోతి పట్టుకొని గుంజిండ్రు!

"ఇడిసిపెట్టు నాయినా... నీకు మంచి మంచి పాటలు నేర్పిస్త..." అని చెరుకు మోడుకు దండం పెట్టి బతిమాలిండు. మోడు ఇనలే. దోతి దానికే ఇచ్చి ఉరికిండు.

తలుపు తీసిన శంకరమ్మ పెనిమిటిని కిందికీ మీదికీ చూసింది.

"దోతేది?"

"దెయ్యం గుంజుకున్నది..."

తెల్లారి దుప్పటి ముసుగుల వణుక్కుంట, చూడొచ్చినోళ్లకు దెయ్యం ఏ సుతిల పాడిందో చెప్తున్నడు. అందరు పోయినంక వాకిట్ల సైకిల్ చప్పుడైంది.

"మాస్టర్... మీ సైకిల్."

అదే బొంగురు గొంతు! మాస్టర్ కెవ్వుమన్నడు. ముసుగు తీసి చూస్తే హన్మండ్లు. పక్కన నాగవ్వ, చేతుల మడత పెట్టిన దోతి.

"అన్న గొంతు పగిలింది మాస్టర్," అన్నది పిల్ల మెల్లగ. "దసరా కాడినుంచే. చెప్తే మండలిలకెల్లి తీసేస్తరని..."

"మరి దసరా నుంచి పాడుతున్నదెవలు?"

పిల్ల కాళ్లకేసి చూసుకున్నది. "నేనే... కిటికీ ఎనుక నుంచి. అన్న నోరు ఆడిస్తడు. కొత్త చరణం ఎవలకూ ఇనబడకుండ నేర్సుకోవాలని ట్యాంకులకు పోయినం."

"అండ్ల దెయ్యముంటదని భయం కాలే?"

"ఉంటే ఇననీ అనుకున్నం."

రెండు నెలలుగ వచ్చినోళ్లకల్లా "ఇనుండ్రి, కంచు!" అని మాస్టర్ కండ్లు మూసుకొని చూపించిన గొంతు నాగవ్వదే. వంటింట్ల శంకరమ్మ నవ్వుకు చేతిల గిన్నె జారిపడ్డది.

మాస్టర్ పిల్ల చేతులకెల్లి దోతి అందుకొని చినుగు చూసిండు. నాకు భజన నేర్పిన గురువు మండలిల ఆడపిల్లలు లేరు, ఎందుకంటే రాత్రిపూట పక్కూళ్లకు వాళ్లను ఎవరు పంపుతరు? గంతే సంగతి. కంచు, మట్టి అన్నది మాత్రం నా సొంత కుట్టు, అదీ వంకర కుట్టు అనుకున్నడు.

"దత్త జయంతికి నువ్వు ముంగట కూసో బిడ్డా. మీ అమ్మతోని నేను మాట్లాడుత. ఒరే హన్మండ్లు, నువ్వు కింది గొంతు పట్టుకో. పగిలిన గొంతు కూడా కుదురుకుంటది, భయపడకు."

పిల్లల మొకాలు వెలిగినయి. గడప దిగబోయి నాగవ్వ ఆగింది.

"మాస్టర్, నిన్న మీరు కూడా పాడిండ్రు గద... ట్యాంకు అవుతల నిలబడి?"

"ఏంది?"

"మాతోని పల్లవి అందుకున్నది మీరే గద. జర సుతి తప్పింది... అందుకే మీరే అనుకున్నం."

 నిన్న మాస్టర్ నోట్లకెల్లి చెరుకు మోడును బతిమాలిన మాట తప్ప పాటన్నదే రాలే.

ఇద్దరూ ఆయన దిక్కే చూస్తున్నరు.

"అవ్ బిడ్డా," అన్నడు. "నేనే... ఇగ అటు పోకుండ్రి. రేపటి నుంచి మా ఇంట్లనే నేర్సుకుందురు."

పిల్లలు మలుపు తిరిగేదాక చూసిండు. తర్వాత శంకరమ్మను పిలిచి, పట్టపగలే తలుపు గొళ్లెం పెట్టిచ్చిండు.