మగ్గాల గల్లీలో ఎర్రంచు తెల్లచీర

నారాయణపేటలో మగ్గాల గల్లీ అంటే పగలు ఎవరికీ భయం లేదు. భయపడడానికి అక్కడ జాగా ఏదీ? రెండు వైపులా సెల్‌ఫోన్ దుకాణాలు, గాజుల కొట్లు, ఆన్‌లైన్ సెంటర్లు, వాటి ముందు వరుసలు వరుసలుగా బండ్లు. మనిషి పక్కకు తిరిగి నడవాలి. పగలు దెయ్యం వచ్చినా నిలబడే చోటు దొరక్క వెనక్కి పోవాల్సిందే.

రాత్రి సంగతి వేరు.

రెండు దాటాక... అయిదు కొట్టేలోగా... ఆ గల్లీలో కాలు పెట్టొద్దని చెప్పేవాళ్లు. మొదట చూసింది గల్లీ మొగదల ఏటీఎం కాపలాదారు. నడుమెత్తున, గాలిలో, గల్లీ పొడుగునా ఒక చీర. తెల్లచీర, ఎర్రంచు. కట్టుకున్న మనిషి మాత్రం లేదు! అతను తెల్లారే ఉద్యోగం మానేసి మక్తల్ పోయాడు. తర్వాత పెళ్లి భోజనం చేసి గదికి వస్తున్న ఒక పిల్లగాడి బండిని ఆ చీర పట్టుకుని వెనక్కి గుంజింది. బండి అక్కడే వదిలేసి పరుగెత్తాడు. పొద్దున వచ్చి చూస్తే హ్యాండిల్‌కు తెల్లటి పోగులు చుట్టుకుని ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పేవాళ్లు. ఆ రాత్రుల్లో గల్లీ అంతా గంజి వాసన వచ్చేదట. ఆకలిగొన్న దెయ్యమన్నమాట.

పెద్దవాళ్లకు దీనికి కారణం తెలుసు, అంటే తెలుసని వాళ్లే అన్నారు. ఒకప్పుడు ఆ గల్లీలో ఎనభై మగ్గాలుండేవి. పొద్దు పొడవకముందే మొదలయ్యే చప్పుడులో పక్కింటివాళ్లను తిట్టాలన్నా అరిచి తిట్టాలి. ఒక ఇంట్లో కన్నడం, ఒక ఇంట్లో తెలుగు, మూల మీది ఇంట్లో మరాఠీ. తిట్లు మాత్రం అందరికీ అర్థమయ్యేవి. తర్వాత మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కొందరు షోలాపూర్ పోయారు, కొందరు హైదరాబాద్‌లో వాచ్‌మన్లయ్యారు. పేట జిల్లా అయ్యాక ముందు గదులన్నీ దుకాణాలకు కిరాయికి పోయాయి. గల్లీ అవతలి కొసను కొత్త కాంప్లెక్స్ గోడ మూసేసింది. చీర సగంలో ఉండగా చచ్చిపోయిన ఒక నేతగత్తె, దాన్ని ముగించుకోవడానికి మగ్గం వెతుక్కుంటూ తిరుగుతోందని చెప్పుకునేవాళ్లు. మగ్గం దొరకదు, చీర పెరుగుతూనే ఉంటుంది.

ఇంత పేరున్న గల్లీలో, అదీ మూసుకుపోయిన ఆ కొసన, టిఫిన్ సెంటర్ పెట్టాడు పరమేశ్వర్.

పరమేశ్వర్ గొర్ల కాపరి కొడుకు. వాళ్ల ఇల్లు పేటకు పక్కన ఉండేది, పేట పెరిగి పెరిగి వాళ్ల ఇంటిదాకా వచ్చింది. మేత బీడు ప్లాట్లయింది. తండ్రి దుర్గయ్య ఆ హద్దురాళ్ల మధ్యనే మందను తిప్పుతూ, రాత్రిళ్లు ఆ వెనక పొలంలో మంద దగ్గరే పడుకునేవాడు. కొడుకు టిఫిన్ సెంటర్ పెడతానంటే ఆయనకు నచ్చలేదు.

"శివరాత్రి దాకా చూస్త. నడిచిందా, నడుపుకో. లేకుంటే నీ కట్టె, నీ గొంగడి యాడున్నయో ఆడనే ఉన్నయి" అన్నాడు.

పరమేశ్వర్‌కు గొర్లంటే కోపం లేదు. కానీ పదిమంది వచ్చి "అన్నా, ఇంకో ప్లేటు" అనే మాట రుచి చూశాక మళ్లీ వాటి వెనక తిరగడం అతని వల్ల కాదు. కలెక్టరాఫీసు బస్సు ఎక్కేవాళ్లకు ఆరింటికల్లా ఇడ్లీ కావాలి. అంటే మూడున్నరకు పొయ్యి వెలగాలి. అంటే, ఆ గల్లీలో ఆ వేళకే నడవాలి.

మొదట వంటమాస్టర్ నరహరి నడిచాడు. కార్తీకంలో ఒకరోజు మూడున్నరకు గల్లీలోకి పోయినవాడు, మూడూ ముప్పై రెండుకు బస్టాండ్‌లో ఉన్నాడు. ఫోన్ చేసి ఒక్కటే మాట చెప్పాడు.

"అన్నా... ఎర్రంచు!"

మళ్లీ రాలేదు. ఇక పరమేశ్వరే పోవాలి. చలికాలం కాబట్టి నల్ల గొంగడిని తల, ముఖం మూసుకునేలా నెత్తి మీద కొంగె వేసుకుని, కుక్కలకని కట్టె పట్టుకుని బయల్దేరేవాడు. ఏ గొంగడి వద్దని టిఫిన్ సెంటర్ పెట్టాడో, ఆ గొంగడి కప్పుకునే దానికి పోవాల్సి వచ్చింది పాపం.

వారం రోజులు ఏమీ కనబడలేదు. కానీ వినబడింది. వెనక ఎక్కడో... ఎవరో దగ్గినట్టు. తిరిగి చూస్తే చీకటి. నాలుగడుగులు వేస్తే మళ్లీ దగ్గు. ఒక్కోసారి సన్నగా బీడీ వాసన. దెయ్యాలు బీడీ తాగుతాయా? దేవుడికెరుక. ఇంటికి పోయి చెబితే దుర్గయ్య తువ్వాల దులుపుకుంటూ నవ్వాడు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. పని చాతగానోనికి అన్నీ కనబడ్తయి."

అప్పట్నుంచి రోజూ పొద్దున అదే ఎగతాళి. "ఏం రా, నీ దెయ్యం మంచిగున్నదా?"

ఎనిమిదో రోజు అది కనబడింది. గంజి వాసన, ఆ వెనక తెల్లగా, పొడుగ్గా, మెల్లగా ఊగుతూ... పరమేశ్వర్ తెల్లారేదాకా బస్టాండ్‌లో కూర్చున్నాడు. ఇడ్లీ ఏడింటికి అయింది. బస్సు ఎక్కేవాళ్లు ఆకలితోనే ఎక్కారు. పది రోజులకు మళ్లీ అదే. ఇంకో వారానికి మళ్లీ. ఈలోగా మెయిన్‌రోడ్డు మీద ఇంకో టిఫిన్ సెంటర్ తెరిచారు. రోజూ నాలుగు ఇడ్లీ తినే ఆఫీసు గుమాస్తా ముఖం మీదే చెప్పాడు.

"పరమేశ్, ఇంకొక్క దినం లేటైతే మేం ఆడికి పోతం. ఏమనుకోకు."

ఆ రాత్రి భార్య మానస పల్లీలు వేయిస్తూ అన్నది, "దెయ్యముంటే ఉండనియ్యి. దానికి గూడ రెండిడ్లీలు పెడదాం. నువ్వైతే పో."

పోయాడు.

మూడూ పాతిక. గల్లీ మొగదలలోనే గంజి వాసన ముక్కుకు తగిలింది. పరమేశ్వర్ కాళ్లు ఆగిపోయాయి. వెనక దగ్గు... అదీ ఆగింది.

ముందుకు చూశాడు. ఉంది.

కరెంటు స్తంభం దగ్గర మొదలై గల్లీ లోపలికి, యాభై అరవై అడుగుల దాకా, నడుమెత్తున తెల్లగా పరుచుకుని ఉంది. రెండంచులా ఎరుపు. గాలికి కడుపు ఉబ్బినట్టు లేచి దిగుతోంది. దాని కింద నేల మీద... టప్... టప్... తెల్లటి చుక్కలు. మనిషి లేడు. చుట్టుపక్కల ఊపిరి చప్పుడు కూడా లేదు.

శివరాత్రి గుర్తొచ్చింది. గుమాస్తా గుర్తొచ్చాడు. పరమేశ్వర్ పళ్లు బిగబట్టి, కట్టె చాచి, ఆ తెల్లదాని మీద మెల్లగా ఆనించాడు.

"కట్టె తియ్యి..."

చీకట్లోంచి ఒక ఆడగొంతు. గుసగుస.

 తియ్యాలనే ఉంది, చెయ్యి రావడం లేదు.

"నీ కాళ్లు మొక్కుత... కట్టె తియ్యి. పోగులు తెగుతయి..."

దెయ్యం కాళ్లు మొక్కుతాననడం పరమేశ్వర్ ఏ కథలోనూ వినలేదు. ఆశ్చర్యంలో ఒక్కడుగు వెనక్కి వేశాడు, గొంగడి అంచు కాలికింద పడి జారిపోయింది, వెల్లకిలా కూలబడ్డాడు. జేబులోంచి ఫోన్ కింద పడి దాని లైటు వెలిగింది. అతని చిరిగిన స్వెట్టర్, చెదిరిన జుట్టు, నోరు తెరుచుకున్న ముఖం... అన్నీ బయటపడ్డాయి.

"అయ్యో! మనిషే!" అన్నది దెయ్యం.

సెల్‌ఫోన్ దుకాణానికీ గాజుల కొట్టుకూ నడుమ, పిల్లి పట్టేంత సందు ఉంది. అందులోంచి మొదట ఒక ముసలమ్మ వచ్చింది. వెనకనే చేతిలో వెడల్పాటి కుంచెతో ఒక ముసలాయన. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా గంజి.

ఆమె నర్సింగమ్మ, ఆయన గోపయ్య. ఎనభై మగ్గాల్లో మిగిలిన ఒక్క మగ్గం వాళ్లది. ముందు గది సెల్‌ఫోన్ దుకాణానికిచ్చి వెనక గదిలో నేసుకుంటున్నారు. పగలు పాటల డబ్బాల మోతలో వాళ్ల మగ్గం చప్పుడు ఎవరికి వినబడుతుంది? వెనక మనుషులున్నారనే సంగతే గల్లీ మరిచిపోయింది.

"గిది చీర కాదు బిడ్డా, పడుగు" అన్నాడు గోపయ్య. "నేసేముందు నిలువు పోగులన్ని గుంజి కట్టి గంజి పెట్టాలె. ఇంట్ల గింత జాగా యాడిది? మా నాయిన కాలం నుంచి గల్లీలనే. అప్పుడు పొద్దుగాల ఆరింటికి అందరం కలిసి చేస్తుంటిమి. ఇప్పుడు ఆరింటికి పాలబండ్లు, పేపరు బండ్లు. గీ యాళ ఒక్కటే ఖాళీ."

"మరి ఆ బండి పిల్లగాడు...?"

"వాడా! మూడు చీరల పోగులు తెంపిండు" అన్నది నర్సింగమ్మ. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

"నేనొస్తే మీరెందుకు దాక్కునేటోళ్లు అవ్వా? ఒక్క మాట అంటే నేను బస్టాండ్‌ల కూసుండేటోన్ని కాదు గద!"

ముసలివాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోపయ్య సిగ్గుపడ్డాడు.

"నిన్ను చూసి... దెయ్యమనుకుంటిమి."

"నన్నా?"

"నల్లగ, నెత్తి లేకుంట, కట్టె పట్టుకొని వస్తివి. గా చివరికి పోయి మాయమైతివి. గిన్నేండ్ల నుంచి ఉన్నం, గీ గల్లీల గసుంటిదాన్ని ఎన్నడు చూడలే. నువ్వొస్తున్నవంటే పడుగు వదిలేసి ఉరుకుడే. గంజి ఎండి పోగులన్ని అంటుకపోతుండె. తాయెత్తు గూడ కట్టించుకున్నం" అని నర్సింగమ్మ మెడలో కొత్త నల్లతాడు చూపించింది.

పరమేశ్వర్‌కు నవ్వు ఆగలేదు. నేల మీద కూర్చునే పడీ పడీ నవ్వాడు. గోపయ్య కూడా కుంచె పట్టుకుని నవ్వాడు. నెలరోజులు ఒకరికొకరు దెయ్యాలై ఒకే గల్లీలో కాపురం చేశారు మరి!

నర్సింగమ్మ మాత్రం నవ్వలేదు. గల్లీ మొగదల వైపు చూస్తోంది.

"నల్లది నువ్వే అయితే... మంచిదే బిడ్డా" అన్నది గొంతు తగ్గించి. "మరి రెండోది ఎవరు?"

"రెండోది... ఏంది?"

"నీ ఎనక వచ్చేది. ఇరవై అడుగుల దూరంల... రోజూ వస్తది. నువ్వు ఆగితే ఆగుతది. నువ్వు గా చివర మాయమైనంక ఎనకకు మర్లిపోతది. ఇప్పుడు గూడ..."

ఆమె వేలెత్తి చూపించింది.

పరమేశ్వర్ పక్కనున్న కట్టెను తడిమి పట్టుకున్నాడు. మెల్లగా... చాలా మెల్లగా తల తిప్పాడు.

ఏటీఎం పక్కన, వెలుతురు అందని చోట నిలబడి ఉంది. నల్లగా, నెత్తి లేకుండా. చేతిలో కట్టె. ముఖం ఉండాల్సిన చోట ఒక ఎర్రటి నిప్పుచుక్క. అది ఒకసారి పెద్దదై... మళ్లీ చిన్నదైంది.

"ఎవలు?" అన్నాడు గోపయ్య. 

 దాని కడుపులో ఏదో కదిలింది. నల్లటి పొట్ట ఒకసారి ఉబ్బి...

"మ్యా...!"

నర్సింగమ్మ గోపయ్య చెయ్యి పట్టుకుంది. గోపయ్య స్తంభం పట్టుకున్నాడు. పరమేశ్వర్ మాత్రం లేచి నిలబడ్డాడు. ఆ అరుపు అతను పుట్టినప్పటి నుంచి వింటున్నదే.

"నాయినా?"

నిప్పుచుక్క నేలరాలింది. దుర్గయ్య దగ్గుతూ ముందుకొచ్చాడు. గొంగడి మడతలోంచి ఆ రాత్రే పుట్టిన గొర్రెపిల్ల తల బయటపెట్టి మళ్లీ అరిచింది.

"తల్లి పాలిస్తలేదు దీనికి" అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా. "నీ దుకాణంల జరన్ని పాలుంటయేమో అని... వచ్చిన."

"పిల్ల పుట్టింది ఇయ్యాల గద అన్నా" అన్నది నర్సింగమ్మ. భయం పోయేసరికి ఆమె నోరు తిరిగొచ్చింది. "నెల దినాల నుంచి పాలకే వస్తున్నవా?"

దుర్గయ్య పిల్ల చెవులు నిమిరాడు.

"గా నరహరి ఉరికిన దినం నుంచి..." అని ఆగాడు. "వీనికి చిన్నప్పటి సంది చీకటంటే భయం. నాకు తెల్వదా?"

 పరమేశ్వర్ కళ్లలో నీళ్లు తిరిగాయి, గంజి చిందిందంటూ తుడుచుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే నలుగురూ పనిలో పడ్డారు. గంజి ఎండిపోతోంది కదా! మందకు గుంజలు పాతిన చేతులతో దుర్గయ్య పడుగు తాడు లాగి స్తంభానికి ఎంత బిగువుగా కట్టాడంటే, గోపయ్య చేత్తో మీటి చూసి తల ఊపాడు. ఆరింటికల్లా గుమాస్తా ప్లేట్లో నాలుగు ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి. గొర్రెపిల్ల టీ పాలు తాగి బెంచీ కింద పడుకుంది.

శివరాత్రి వచ్చింది, పోయింది. కట్టె, గొంగడి మాట దుర్గయ్య మళ్లీ ఎత్తలేదు.

గల్లీకి చెడ్డపేరు మాత్రం పోలేదు. పోనిచ్చేవాళ్లు ఉండాలి కదా! బండేసుకుని తెల్లవారుజామున అటు తిరుగుదామనే కుర్రాళ్లు ఎవరైనా "అన్నా, నిజంగ దెయ్యాలున్నయా?" అని అడిగితే, పరమేశ్వర్ గొంతు తగ్గించి చెబుతాడు: "ఉన్నయి తమ్మీ. తెల్లది ఒకటి, నల్లవి రెండు. మూడు నుంచి అయిదు దాకా బండి తేవద్దు."

ఇంత తెలిసిపోయాక దుర్గయ్య రావడం మానేస్తాడనుకున్నాడు పరమేశ్వర్. కానీ గుట్టు బయటపడ్డ మర్నాడే మూడూ పాతికకు గల్లీలోకి తిరిగాడో లేదో, వెనక చీకట్లో... దగ్గు.

తిరిగి చూడలేదు. ముసలాయన అందుకునేటట్టు జర మెల్లగా నడిచాడు.