తేలే రాయి తీర్థం

నీళ్ళ మీద రాయి తేలిందంటే మనవాళ్ళకి ఇంక వేరే రుజువులు అక్కర్లేదు. అది రాముడి వారధిదే. పలాసలో పురోహితం చేసే నీలకంఠంగారింట్లోనూ అదే జరిగింది. కొడుకు ఫణిశంకర్ రోడ్డు కంపెనీ పనిమీద చిలీ దేశం వెళ్ళి, సెలవుకొచ్చినప్పుడు బొలీవియా సరిహద్దులోని అగ్నిపర్వతాల మీంచి పిడికిలంత బూడిదరంగు రాయి తెచ్చాడు. వేడుకకి బకెట్లో వేసి చూపించాడు. తేలింది. అతను మళ్ళీ విమానం ఎక్కగానే తల్లి దుర్గాంబ దాన్ని దేవుడి గదిలో ఇత్తడి గిన్నెలోకి చేర్చి, ఆ నీళ్ళు రోజూ భర్తకి తీర్థంగా ఇవ్వడం మొదలుపెట్టింది.

నీలకంఠంగారికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మీద బతుకు. నీళ్ళు కొలిచి తాగాలి. దేవుడి నీళ్ళకి కొలతేమిటని ఆవిడ వాదం.

కోడలు వైదేహి ఆ గిన్నె చూస్తే ముఖం తిప్పుకునేది. ఊరంతా జీడిపిక్కల బట్టీల పొగ ఉన్నా, దాన్ని తోసుకుని మరీ ఆ గదిలోంచి కుళ్ళిన గుడ్ల కంపు వచ్చేది. గుడ్డు గడప తొక్కని ఇల్లది! నీళ్ళు జిగటగా సాగేవి. రాయి చిల్లుల్లోంచి పచ్చటి పిప్పి ఊరేది, ఆవు నెమరేసి కక్కిన గడ్డిలా.

"ఏటమ్మా, మొహం అలా పెట్టావు? తులసాకు అది," అనేది దుర్గాంబ.

మావగారికి ఆయాసం ఎక్కువైంది. పైగా రోజంతా ఏదో నములుతున్నారు. చప్... చప్... గడ్డం మీద ఆకుపచ్చ చొంగ. తండ్రి లేని వైదేహిని ఆ ఇంట్లో "తల్లీ" అని పిలిచేది ఆయనొక్కరే. ఆయన బతకాలని ఆమె రోజూ మొక్కుకునేది.

ఆ వైశాఖం మధ్యాహ్నం కరెంటు పోయింది. అత్తగారు పక్కింటికి వెళ్ళింది. వైదేహి భర్తకి ఫోన్ చేసింది.

"ఏటి, అమ్మ దాన్ని పూజలో పెట్టిందా?" ఫణి గొంతు పడిపోయింది. "గాలి అందని మంచుకొండల కనుమ దగ్గర రాళ్ళకుప్పలోంచి తీశాను. కొండ దాటేవాళ్ళు నమిలిన ఆకుని రాయి మీద ఉమ్మి, అక్కడ పెట్టి పోతారట. అలసటంతా దాంట్లోకి దిగిపోతుందట... పారేయ్, వైదేహీ."

ఎంగిలి. ఎవరెవరిదో, ఎన్నేళ్ళదో ఎంగిలి... కళ్ళకద్దుకుని మరీ తాగించారు! వైదేహి ఫోన్ పడేసింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దేవుడి గదిలోకి పరుగెత్తింది.

మావగారు గిన్నె ముందు కూర్చుని ఉన్నారు. గిన్నెలో చుక్క లేదు. రాయిని చీకుతున్నారు.

"మావయ్యగారూ... వదిలేయండి. అది ఎంగిలి."

ఆయన తలెత్తారు. బుగ్గ ఉబ్బి ఉంది. లోపల ఏదో అటు నుంచి ఇటు జరిగింది.

"చాలా బరువుగా ఉంది తల్లీ," అన్నారు గుసగుసగా. "కాస్త... పట్టు."

పట్టమన్నది పురోహితుడు. చిన్నప్పటి అలవాటు. తీర్థానికి పట్టినట్టు కుడిచెయ్యి దానంతటదే దొప్పలా ముడుచుకుని ముందుకెళ్ళింది.

వెచ్చటి ముద్ద అరచేతిలో పడింది. పచ్చగా... జిగటగా... అందులో వెంట్రుకలు.

ఆయన లేచారు. గోడ పట్టుకోలేదు. కుర్రాడిలా మెట్లు దిగారు. "ఓసే, ఆకలేస్తోందే!" అని వీధిలోంచి భార్యని కేకేస్తున్నారు. ఆయన బతకాలనే కదా వైదేహి మొక్కుకుంది.

చెయ్యి దులుపుకోబోయింది. లేవలేదు. కాళ్ళూ లేవలేదు. ఎంత పీల్చినా గాలి అందడం లేదు.

"అత్తయ్యా..."

మాటతో పాటు నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది. బయట ఎండకి రోడ్డు మీద తారు కరుగుతోంది.