కోతులు మెచ్చిన ఇల్లు

"ఇంట్ల గాలి, వెలుతురు మంచిగ వస్తయ్" అన్నాడు శ్రీపాల్, ఇల్లు కొనడానికి వచ్చిన పెద్దమనిషితో.

అబద్ధమేమీ కాదు. కప్పు మీద గూనపెంకలు సగం జారిపోయాయి కాబట్టి వెలుతురుకు లోటు లేదు.

"వాన గూడ మంచిగనే వస్తదన్నా. మొన్న పొయ్యికాడ కప్పలు ఈతగొట్టినయ్" అని గోడ అవతలి నుంచి ఓ ఆడగొంతు పలికింది.

పెద్దమనిషి పైకి చూశాడు, ఆకాశం కనపడింది, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. తరవాత ఫోన్ కూడా ఎత్తలేదు.

శ్రీపాల్ గుర్రుగా గోడ దగ్గరికి వెళ్లాడు. అటుపక్క మంచం నిండా డీఎస్సీ పుస్తకాలు పరుచుకుని, పల్లీలు ఒలుచుకుంటూ ఓ అమ్మాయి కూర్చుంది. పేరు అమూల్య. శ్రీపాల్ వాళ్లు దేవరుప్పుల విడిచి జనగామకు మారిన తరవాత పక్కింట్లో దిగిన సోమనర్సయ్య కూతురు.

"నేను మీకేం నష్టం జేసిన?" అన్నాడు.

"నాకేం జెయ్యలే. రేపు కొన్నాయన నెత్తిమీద పెంక పడితే దవాఖానకు ఉరకాల్సింది నేనే గద, పక్కింటిదాన్ని" అంది, పల్లీ గింజ నోట్లో వేసుకుంటూ.

దీటైన జవాబు కోసం దారంతా బండి మీద వెతుక్కున్నాడు. జనగామ చేరాక దొరికింది గానీ అప్పటికి వినేవాళ్లు లేరు.

శ్రీపాల్ జనగామలో ట్రాక్టర్ల షోరూంలో పనిచేస్తాడు. వాన పడని ఏడాది కూడా ట్రాక్టర్ అంటగట్టగలడని అతనికి పేరు. అలాంటివాడు ఈ ఒక్క పెంకుటిల్లు అమ్మలేక తంటాలు పడుతున్నాడు. అమ్మకపోతే కుదరదు. కిరాయి ఇంట్లో ఉండేవాడికి పిల్లనెవరిస్తారని తల్లి వజ్రమ్మ పట్టు. ఇది అమ్మి జనగామలో చిన్నదో చితకదో సొంత ఇల్లు కొన్నాకే సంబంధాల మాట ఎత్తుతానని తెగేసి చెప్పింది.

అందుకని ఆదివారం వస్తే చాలు, అతను దేవరుప్పులలో ఉంటాడు. నిచ్చెన వేసుకుని పెంకలు సర్దుతాడు. మళ్లీ ఆదివారం వచ్చేసరికి కోతుల మంద వాటిని చిందరవందర చేసి పెడుతుంది. చుట్టుపక్కల అన్ని ఇళ్లనూ వదిలేసి అవి తన ఇంటినే ఎందుకు మెచ్చాయో అతనికి అర్థం కాలేదు. వాటిని తిట్టుకుంటూనే ఎక్కేవాడు.

నిచ్చెన పట్టుకునేది అమూల్యే. కిందపడే ముందు జర చెప్పమని, తాను పక్కకు తప్పుకుంటానని ధైర్యం చెప్పేది. కొనేవాళ్లు వస్తే మాత్రం ఠక్కున పార్టీ మార్చి చెదల గురించి, తేళ్ల గురించి పూసగుచ్చినట్టు వివరించేది. ఒకాయన తేలు మాట వినగానే చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాడు.

ఓ ఆదివారం వాన దంచికొట్టింది. ఇద్దరూ ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి, లోపల కూడా తడుస్తూ, కురవని చోటు వెతుక్కున్నారు. దొరికిన చోటు ఒక మనిషికి సరిపోయేది. ఆమె చున్నీ కొస పిండుకుంటూ అతని వైపు ఓసారి చూసి తల తిప్పుకుంది. వచ్చినవాళ్లందరినీ అన్నా అని నోరారా పిలిచే ఈ పిల్ల తనను మాత్రం ఏ వరసా పెట్టి పిలవదని శ్రీపాల్‌కు అప్పుడు తట్టింది. ఆ రోజు నుంచి ఇల్లు అమ్ముడుపోతుందేమోనని భయం పట్టుకుంది. అమ్ముడుపోతే ఈ ఊరికి రావడానికి సాకేది?

భయం ముదిరి, ఆ వచ్చే శనివారం సాయంత్రమే చెప్పాపెట్టకుండా వచ్చాడు. చేతిలో అరటిపండ్ల గెల. కోతులకు విందు చేస్తే పొద్దుటికి కప్పు కథ అవే చూసుకుంటాయని అతని లెక్క.

వచ్చేసరికి అమూల్య గోడ ఎక్కి, చున్నీ కొంగులోంచి పల్లీలు తీసి అతని కప్పు మీదికి విసురుతోంది. కోతులు బుద్ధిగా పెంకలు లేపి మరీ ఏరుకుంటున్నాయి.

"అయితే ఇన్నాళ్లు గిది మీ పనా?"

ఆమె తడబడలేదు. "పాపం, ఆకలిగొన్నయని వేసిన. మీ చేతిల గెల ఏంది?"

శ్రీపాల్ గెల వైపు చూశాడు, కోతుల వైపు చూశాడు. "పాపం, ఆకలిగొన్నయని" అన్నాడు.

ఇద్దరికీ నవ్వాగలేదు. అతను అసలు మాట చెప్పబోయేంతలో ఫోన్ మోగింది. వజ్రమ్మ. బేరం కుదిరిందట. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే పూల్‌సింగ్ పొద్దున్నే వచ్చి బయానా డబ్బు ఇస్తాడట. ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టుకుంటాడట, జాగ ఒక్కటి ఉంటే చాలట. కూలగొట్టేవాడి దగ్గర కోతులేం చేస్తాయి? ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

పొద్దున జనగామ నుంచి వజ్రమ్మ దిగింది, ఇంటి అరుగు మీద అందరూ కూర్చున్నారు. పూల్‌సింగ్ బయానా చేతిలో పట్టుకున్నాడు. వజ్రమ్మ పద్ధతి తప్పని మనిషి. హద్దు పక్కవాళ్లు వద్దంటేనే బయటివాళ్లకు అమ్మాలి కాబట్టి, మీకు కావాలా అని సోమనర్సయ్యను అడిగింది. ఆయన అక్కర్లేదన్నాడు.

"నాకు కావాలె బాపు" అంది అమూల్య.

"నీకెందుకు బిడ్డా? ఏం జేసుకుంటవ్ గిండ్ల?"

అమూల్య తల దించుకుంది. ఇన్ని మాటలు నేర్చిన పిల్ల నోట మాట లేకపోవడం చూసి శ్రీపాల్ గుండె నిలవలేదు.

"అమ్మా, గీ ఇల్లు అమ్మొద్దు. నాకు అమూల్య అంటే ఇష్టం. ఇల్లు పోతే ఆదివారం నేను యాడికి పోవాలె?"

పైన ఒక కోతి పెంక ఒకటి కిందికి దొర్లించింది.

వజ్రమ్మ కొడుకును చూసింది, ఎర్రబడ్డ ఆ పిల్లను చూసింది. పూల్‌సింగ్ చేతిని మెల్లగా వెనక్కి నెట్టింది. "ఏమనుకోకు నాయినా. పిల్ల దొరుకుతదని అమ్ముదామనుకున్న. పిల్ల పక్కింట్లనే ఉండె" అంది. తరవాత సోమనర్సయ్య వైపు తిరిగి, "ఏమంటరన్నా? మా పోరనికి మీ బిడ్డనిస్తరా?" అని అడిగింది.

సోమనర్సయ్య కూతురి మొహంలోకి ఓసారి చూసి, అక్కడ జవాబు కనపడ్డాక, కప్పు వైపు చూశాడు. పిల్లనివ్వడానికి తనకేం అభ్యంతరం లేదనీ, పెండ్లిలోపు ఆ కప్పు మాత్రం సరిచేయించాలనీ అన్నాడు. పూల్‌సింగ్ బయానా జేబులో పెట్టుకుని, తనకైతే పెండ్లి భోజనం బాకీ అని చెప్పి, పక్క వీధిలో వేరే జాగ చూడ్డానికి వెళ్లాడు.

ఆ వచ్చే ఆదివారం శ్రీపాల్ కప్పు మీద కూర్చుని కొత్త పెంకలు పేరుస్తున్నాడు. నిచ్చెన కింద నుంచి ఓ పల్లీ వచ్చి అతని వీపుకు తగిలింది.

"ఇంక కోతులనెందుకు మేపుతున్నవ్?" అన్నాడు.

"అన్నిటినీ మేపుడు బంద్ జేసిన" అంది అమూల్య, ఇంకో పల్లీ గురిచూస్తూ. "ఇగ కప్పు మీదున్న గీ ఒక్క కోతినే."