చెరిగిపోతుందేమోనని

పొద్దున్న ఎనిమిదింటికే మెకానిక్ గారు ఓ పాత టేపురికార్డరు పొట్ట విప్పి కూర్చున్నారు. నలభై ఏళ్లుగా పాట్లు పడి పాటలు పలికించిన మనిషి. ఇంట్లో మాత్రం ఏడాదిగా పాటా లేదు, మాటా లేదు. ఆయన భార్య కిటికీ పక్క కుర్చీలో, చల్లారిన కాఫీ ముందు, చూపు ఎక్కడో పెట్టి కూర్చుంటోంది.

ఒకప్పుడు వాళ్ల క్యాసెట్ల షాపులో కౌంటరు ఆవిడదే. పాట పేరు మర్చిపోయిన వాళ్లు కూనిరాగం తీస్తే చాలు, చటుక్కున క్యాసెట్టు తీసిచ్చేది. ఆవిడ వాగ్ధాటికి వాల్యూము బటన్ కనిపెట్టలేకపోయానని ఆయన జోకులేసేవారు. ఇప్పుడు ఆ గోల కోసమే చెవి కోసుకుంటున్నారు.

మందులు మార్చినా ఆవిడ డిప్రెషన్ సగమే తగ్గింది. మాత్రలు ఆపకుండానే అయస్కాంత చికిత్స కూడా చేద్దామంది డాక్టరమ్మ. తలకి ఓ తీగచుట్ట ఆనించి టకటకా తట్టినట్టు ఉంటుంది. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. కోతా లేదు, మత్తూ లేదు. ఆవిడ సరేనంది. ఆ మొదటి రోజు ఇవాళే.

ఆఫీసుకి బయల్దేరుతున్న కూతురు క్లినిక్ వాళ్లతో మాట్లాడి ఫోన్ పెట్టేసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వాయిదా వేయించింది నువ్వేనట కదా నాన్నా."

"తొందరేముందమ్మా."

"నేను మీ నాన్నకి బరువైపోయానని అమ్మ నిన్న నాతో అంది. ఇంకా తొందర లేదా?"

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టారు. అప్పుడు కక్కారు అసలు సంగతి. టేపు మీద ఉన్నది చెరిగిపోతుందని షాపులో అయస్కాంతాన్ని క్యాసెట్ల దరిదాపులకి రానిచ్చేవారు కారు. ఒక్కసారి ఏమరుపాటున, లోపల అయస్కాంతం ఉండే పెద్ద స్పీకరు మీద ఓ టేపు వదిలేశారు.

"ఎవరిదో చనిపోయిన తల్లి గొంతమ్మా. ఉన్నది ఆ ఒక్కటే. నేనే తుడిచేశాను. మీ అమ్మ తలలో మా కాపురమంతా ఉంది. అదంతా పోతే మీ అమ్మకి నేనెవర్ని?"

కూతురికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డాక్టరమ్మకి ఫోన్ కలిపి ఆయన చెవికి పెట్టింది. తల టేపు కాదనీ, ఈ చికిత్స జ్ఞాపకాలని తుడవదనీ, మందగించిన చోటుని తట్టి లేపుతుందనీ, అందరికీ గుణమిస్తుందని మాత్రం మాటివ్వలేననీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

కిటికీ దగ్గర్నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"ఏవండీ, అన్నీ ఉన్నాయి లోపల. వినబుద్ధి కావట్లేదు, అంతే. నన్ను తీసుకెళ్లండి."

నాలుగో వారం, క్లినిక్ మెట్లు దిగుతూ ఆవిడ ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది.

"పిల్ల పుట్టిన రోజు ఆస్పత్రికి రెండూ ఎడమకాలి చెప్పులే వేసుకొచ్చారు, గుర్తుందా? నర్సు మీకు కూడా మంచం వేయమంటారా అని అడిగింది."

ఆయన ఎంత తవ్వినా ఒక్క ముక్క గుర్తు రాలేదు. మెట్ల మీదే కూర్చున్నారు.

"మళ్లీ చెప్పవే," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "మొదట్నుంచీ."