పది వేళ్ళు ముడిచేదాకా

ఆ ఉదయం ట్రైనింగ్ మేడమ్ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. పాలు స్టౌ మీద పెట్టి మరిచిపోయింది, పొంగాక పరుగెత్తింది. తుడిచిన గట్టే మళ్ళీ తుడిచింది. బడులు తిరిగి టీచర్లకే పాఠం చెప్పే మనిషి కాబట్టి ఆమెకా పేరు వచ్చింది. వినపడని పిల్లల్నీ, నడవలేని పిల్లల్నీ, మాట ఆలస్యమయ్యే పిల్లల్నీ మిగతావాళ్ళతో కలిపి ఎలా చదివించాలో నేర్పుతుంది. పదకొండేళ్ళుగా అదే పని. మరి ఆమె సొంత కూతురు, తొమ్మిదేళ్ళది, ఇంతవరకూ ఏ బడి గడపా తొక్కలేదు.

ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. బుర్ర పాదరసమే. మాట మాత్రం నోటిదాకా వచ్చి కాసేపు అక్కడే ఆగిపోతుంది. ఇంటికొచ్చే టీచరమ్మ దగ్గరే చదువంతా. వీధి చివరి బడిలో చేరతానని రెండేళ్ళుగా ఒకటే పోరు. దరఖాస్తు తెచ్చి వారమైంది, నింపడమూ అయింది, అయినా మేడమ్ సంచీ దాటి బయటికి రాలేదు. ఈ రోజు పదింటితో గడువు సరి. భర్త బస్సు డ్యూటీకి వెళుతూ, నీకు తెలియనిదేముంది అని భారమంతా ఆమె మీదే వేసి పోయాడు.

అన్నీ తెలియడమే ఆమెకొచ్చిన తిప్పలు. వెనక బెంచీలో బొమ్మల్లా కూర్చుండిపోయే పిల్లల్ని ఎంతమందిని చూసిందో లెక్కలేదు. శిక్షణలో బుద్ధిగా తలూపి, వారం తిరిగేసరికి పాత దారే పట్టిన టీచర్లనూ చూసింది. ఆ బెంచీ మీద తన పిల్లని ఊహించుకోలేకపోతోంది. భయం, అంతే. ఒప్పుకోవడానికి నామోషీ.

అత్తగారు కుట్టుపనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడ మిషను మీద బడి యూనిఫాం గౌను కనపడింది. ఎవరిదని అడిగితే తాపీగా పిచ్చుకదే అంది. కోడలికి ఒళ్ళు మండింది. అంతమంది పిల్లలతో అది వేగలేదనీ, ఇంట్లో ఉండటమే దానికీ ఇష్టమనీ గబగబా చెప్పుకుపోయింది. పిచ్చుక గుమ్మంలో నిలబడి అంతా వింటోంది.

"దాన్ని అడిగావా?" అంది అత్తగారు.

"అడిగేదేముంది అత్తయ్యా, దాని మనసు నాకు తెలీదా?"

"తెలీదు." అత్తగారు మిషను ఆపింది. "రోజూ అద్దం ముందు నిలబడి నీ పాఠం వల్లె వేసుకుంటావుగా, అది నాకూ కంఠతా వచ్చేసింది. ప్రశ్న అడిగాక చేతులు వెనక్కి పెట్టుకుని పది వేళ్ళూ ఒక్కొక్కటే ముడవండి, అందాకా నోరు విప్పకండి అని ఊరందరికీ చెప్తావు. ఇంట్లో మాత్రం మూడో వేలు ముడిచేలోగా దాని మాట నువ్వే చెప్పేస్తావు. నీ ముందు అది మొదలుపెట్టిన మాట పూర్తి చెయ్యగా నేను చూళ్ళేదమ్మాయ్."

 కోడలు విసురుగా సంచీలోంచి దరఖాస్తు తీసి అత్తగారి ముందు పెట్టింది. తరగతిలో బిడ్డకు ఎలాంటి సాయం కావాలి అన్న ప్రశ్న కింద పేజీ మొత్తం తనే నింపి పెట్టుకుంది. ముందు బెంచీ, బొమ్మల అట్టలు, చిన్న చిన్న పాఠాలు, ఇంకా ఏమిటేమిటో. తల్లిగా తానేమీ తక్కువ చెయ్యలేదని చూపించాలని ఆమె తాపత్రయం. అత్తగారు అద్దాలు పెట్టుకుని చదివి, అదే ప్రశ్న పిచ్చుకని అడిగింది.

"దానికి ముందు బెంచీ..." అనబోయింది తల్లి. అత్తగారు మాట్లాడకుండా రెండు చేతులూ పైకెత్తి, ఒక వేలు ముడిచింది. ట్రైనింగ్ మేడమ్ చేతులు వాటంతటవే వీపు వెనక్కి వెళ్ళాయి. అయిదో వేలికి ఆమె నాలుక దురద పెట్టింది. ఏడో వేలికి పిల్ల మెడ నరాలు బిగుసుకున్నాయి, చూడలేక తల్లి కళ్ళు మూసుకుంది.

"నేను... చెప్పేదాకా... ఆగితే... చాలు" అంది పిచ్చుక. ఊపిరి తీసుకుని, "అమ్మ... కూడా" అంది.

తల్లి నేల మీద చతికిలబడి ఏడ్చేసింది. ఎన్ని వందల మందికి నేర్పిన పాఠమది. "నాకు భయమేసిందే. నిన్ను చూసి ఎవరైనా నవ్వుతారేమోనని" అంది. అన్నాక నోరు మూసుకుని ఎదురుచూసింది.

"నవ్వితే... నవ్వనీ."

తల్లి పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసి, కూతురు చెప్పిన ఒక్క ముక్క అంచున రాసింది. అత్తగారు పళ్ళతో దారం తెంపి గౌను అందించింది. తొమ్మిదీ ముప్పావుకి తల్లీకూతుళ్ళు వీధిలో దాదాపు పరుగెత్తారు.

బడిలో బల్ల వెనక టీచరు నీ పేరేంటమ్మా అని అడిగాడు. పిల్ల పెదవులు బిగుసుకోవడం చూసి, అందరూ చేసినట్టే జవాబు కోసం తల్లి వైపు తిరిగాడు. తల్లి అతని వైపు చూడలేదు. కూతురినే చూస్తూ, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

ఎనిమిదో వేలు ముడుస్తుండగా పిచ్చుక తన పేరు తనే చెప్పింది.