మగ్గం గుంటలో పద్నాలుగు వేల అడుగులు

బుధవారం ఉదయం 6.15కి చంద్లాపూర్ దగ్గర రిజర్వాయరు కట్ట మీద ఒక జత చెప్పులు, ఒక స్మార్ట్‌ఫోన్ దొరికాయి.

శవం దొరకలేదు.

ఫోను సిద్దిపేట నేత కార్మికుడు ఓంప్రకాశ్‌ది. వయసు ముప్పై నాలుగు. ఆరేళ్ళుగా సైకోసిస్ అనే మనోవ్యాధికి మందులు వాడుతున్నాడు. చెవిలో గొంతులు వినిపిస్తాయి. ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

ఈతగాళ్ళు రోజంతా వెతికి ఉత్త చేతులతో ఒడ్డెక్కారు.

గురువారం ఉదయం 9.30కి ఏఎస్సై ఉప్పలయ్య ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. వెంట కానిస్టేబుల్ శైలేందర్.

ఓంప్రకాశ్ అన్న బాలరాజు వాకిట్లోనే ఏడుపు మొదలుపెట్టాడు. కంట్లో తడి లేదు.

"మంగళారం ఏం జేసిండు నీ తమ్ముడు?"

"పొద్దంత మగ్గం నేసిండు సార్. నాలుగు గొట్టినంక లేచి పోయిండు."

"నువ్వు సూసినవా?"

"కండ్లార సూసిన."

మంచం మీద తల్లి కనకవ్వ. విరిగిన కాలికి కట్టు. "సోమారం సంది మగ్గం సప్పుడే రాలే సారూ," అంది.

"ముసల్దానికి చెవుడు సార్."

"నాకు చెవుడేందిరా? నువ్వు అవుతల ఫోన్ల జూసి ఇకిలిచ్చేది గుడ ఇనపడ్తది నాకు!"

"లోపలికి పోయి సూడలేదా అవ్వా?"

"కాలిరిగిన ముండను, ఎట్ల పోను? కంచం వీడే దీస్కపోయిండు. ఖాళీ కంచం దెచ్చిండు."

ఉప్పలయ్య మగ్గం గదిలోకి వెళ్ళాడు. చిన్న గది. గుంట మగ్గమే గదంతా. చీర అంచున సగం నేసిన గొల్లభామ బొమ్మ. నిలబడడానికే జాగా లేదు.

10.20కి వర్షిత వచ్చింది. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేట్ క్లినిక్ మనిషి. ఓంప్రకాశ్ ఫోన్లో యాప్ పెట్టింది ఆ క్లినిక్కే. నిద్ర, అడుగులు, తిరిగే జాగాలు, అన్నీ అందులో తెలుస్తాయి. ఇంటివాళ్ళ తరఫున బాలరాజు ఫోన్లో కూడా కనిపిస్తాయి.

"హై రిస్క్ పేషెంట్ సార్," అంది వర్షిత. "రోజుకు పద్నాలుగు వేల అడుగులు, అవి కూడా ఇంట్లనే. గదిలో ఆగకుండా తిరుగుతున్నడంటే రెస్ట్‌లెస్‌నెస్. మేం అలర్ట్ పంపినం. డాక్టర్ గారు డోస్ డబుల్ చేసిన్రు."

"అప్పటి సందే నా కొడుకు చేతులు వణుకుడు," అంది కనకవ్వ.

"ఈ గది ఎన్నడన్న సూసినవా బిడ్డా?" ఉప్పలయ్య అడిగాడు.

"లేదు సార్. అంతా డాష్‌బోర్డ్ మీదనే..."

"రా. సూడు. నాలుగు అడుగులేసే జాగ జూపియ్యి."

ఆమె చూసింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఫోన్ యాడ పెట్టుకుంటుండె?"

"ఒంటి మీదనే ఉండాలన్నరని నిక్కరుకు తొడ మీద జేబు కుట్టిచ్చిన," అంది కనకవ్వ.

"శైలేందర్, మీ తాత నేసేటోడు గద? నీ ఫోన్ ప్యాంటు జేబుల ఏస్కొని గుంటల దిగు. యాభై సార్లు తొక్కు."

శైలేందర్ దిగాడు. కాళ్ళతో చెక్కలు తొక్కాడు. పైకొచ్చి ఫోన్ చూశాడు.

"నలభై ఎనిమిది అడుగులు సార్!"

మగ్గం తొక్కిన ప్రతిసారీ యాప్ అడుగని లెక్కేసింది. మనిషి కూర్చుని చీర నేస్తే రోగం ముదిరిందని రాసుకున్నారు. నేసిన కొద్దీ గోలీలు పెంచారు.

ఉప్పలయ్య బాలరాజు ఫోన్ లాక్కుని యాప్ తెరిచాడు.

"సోమారం పది తర్వాత అడుగులు సున్న. మంగళారం సున్న. నాలుగు పదికి ఫోన్ బయల్దేరి ఇరవై నిమిషాలల్ల చంద్లాపూర్ చేరింది. మోటర్‌సైకిల్ మీద. పొద్దంత నేసిండంటివి గద? నేస్తే అడుగులు పడాలె. ఫోన్ ఇంట్ల ఉన్నది. మనిషి లేడు. ఆ కంచంల బువ్వ తిన్నదెవడు?"

బాలరాజు ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

అదే ఫోన్లో ఇంకొకటి కనపడింది. గల్లీ వాట్సాప్ గ్రూపు. అరవై మూడు మంది. అందులో ఓంప్రకాశ్ గొంతు. మగ్గం మీద కూర్చుని చచ్చిపోయిన తండ్రితో మాట్లాడుతున్నాడు. "బాపూ, అంచు సక్కగ వచ్చిందా?" కింద వరసగా నవ్వే బొమ్మలు. తమ్ముడి ఫోన్లో గొంతు వినే యాప్ మరొకటి బాలరాజే దొంగతనంగా వేశాడు. రోజుకొక ముక్క పంచాడు. గల్లీకి అది సినిమా.

ఫోన్ నా మాటలు వింటుంది అని ఓంప్రకాశ్ మొత్తుకున్నాడు. అది కూడా రోగమేనన్నారు.

"మంగలి షాపుల ఎవని ఫోన్లనో వాని గొంతు వాడే ఇన్నడు సార్," బాలరాజు నేల చూశాడు. "సోమారం ఫోన్ ఇంట్ల పారేసి మీ స్టేషన్‌కే వచ్చిండు, కంప్లైంట్ ఇస్తనని. పదకొండుకు మీరే గద నాకు ఫోన్ జేపిచ్చిన్రు, మీ పిచ్చోని తీస్కపో అని? తల గుడ ఎత్తి సూడలే మీరు."

శైలేందర్ గోడ వైపు తిరిగాడు. ఆ ఫోన్ చేసింది అతనే. చేయమన్నది ఉప్పలయ్యే.

ఉప్పలయ్య బాలరాజు కాలర్ పట్టుకున్నాడు. "యాడున్నడు?"

"అక్కన్నపేట. మా బామ్మర్ది పొలంల, మోటర్ రూంల."

"నీళ్ళు?"

"సగం బకెట్ పెట్టిన... కంప్లైంట్ ఇస్తడని తాళమేసి, చెప్పులు, ఫోను కట్ట మీద పెట్టొచ్చిన. ఏం జేయాల్నో తోచలే సార్."

"మూడు దినాలు! నా కడుపుల మన్నువొయ్య, వాని తిండి గుడ నువ్వే తింటివారా!" కనకవ్వ చేతికందిన గ్లాసు విసిరింది. అది బాలరాజు నుదుటికి తగిలింది. ఎవరూ ఆపలేదు.

మధ్యాహ్నం 12.05. రేకుల గది. తాళం పగలగొట్టారు. లోపల పొయ్యిలా సెగ. బకెట్ బోర్లా పడి ఉంది. మూలన ఓంప్రకాశ్. పెదవులు పగిలాయి. ఊపిరి ఉంది.

సాయంత్రం 4.40కి దవాఖానలో రెండో సెలైన్ ఎక్కుతోంది. వర్షిత తలుపు దగ్గర నిలబడి నసిగింది. "సార్, మానిటరింగ్ మళ్ళీ ఎప్పుడు..."

"నా కొడుకును నేను సూస్కుంట," అంది మంచం పక్కన చక్రాల కుర్చీలో ఉన్న కనకవ్వ. "నువ్వు బోయి ముందుగాల మగ్గం నేసుడేందో సూసి రా పో."

ఉప్పలయ్య స్టూలు లాక్కున్నాడు. కాగితం, పెన్ను తీశాడు.

"ఎవరి మీద రాయాలె ఓంప్రకాశ్?"

"అన్న మీద."

రాశాడు.

"ఇని నవ్విన అరవై మూడు మంది మీద."

రాశాడు.

"ఇంకా?"

ఓంప్రకాశ్ అతన్ని తేరిపార చూశాడు.

"సోమారం నన్ను ఎల్లగొట్టిన పోలీసాయన మీద. పేరు తెల్వది సార్. ఆయన తల ఎత్తలే."

ఉప్పలయ్య ఈసారి తల ఎత్తాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

మూడో వరసలో తన పేరు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర కోసం కాగితం ముందుకు జరిపాడు.