యంత్రం వండిన మెతుకు

2071 నాటికి విశాఖలో పొయ్యి వెలిగించే ఇల్లు లేదు. గోడలో అమర్చిన వంటమర ఇంటిల్లిపాదికీ వండి పెడుతోంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ మందాకినే తర్వాత తయారుచేసిన ‘పాకమతి’ ఇంకో అడుగు ముందుకేసింది. తలకు దెబ్బ తగిలినవాళ్ల నెత్తిన పల్చని సెన్సర్ టోపీ పెడితే చాలు, మెదడులో ఎక్కడ మరమ్మతు జరుగుతోందో చూసి, ఆ పూటకి ఏ చేప, ఏ ఆకుకూర, ఎన్ని అక్రోట్లు కావాలో తేల్చి వండుతుంది. మాటా నడకా నేర్పే వ్యాయామాలకు ఈ తిండి తోడైతేనే న్యూరాన్లు గట్టిగా అతుక్కుంటాయి.

ఇప్పుడా టోపీ ఆమె తండ్రి అప్పలనరసయ్య నెత్తిన ఉంది. ఆయన ఒకప్పుడు పెళ్లిళ్ల వంటమేస్త్రి. కూతురు కనిపెట్టిన మర తన గరిట లాక్కుందని మండిపడి, “నీ మర వండిన మెతుకు సచ్చినా ముట్టను” అని ఒట్టేసి వెళ్లిపోయిన మనిషి. మెట్ల మీంచి పడి తలకు దెబ్బ తగిలాక అదంతా మర్చిపోయాడు. ఇప్పుడు కూతురింట్లోనే ఉంటూ బుద్ధిగా తింటున్నాడు.

మందాకిని భయమంతా ఇక్కడే. తింటే జ్ఞాపకాలు తిరిగొస్తాయి. జ్ఞాపకాలు వస్తే ఒట్టూ గుర్తొస్తుంది. అది గుర్తొస్తే ఇక తినడు, సగం బాగైన మెదడు సగంలోనే ఆగిపోతుంది. ఏం మనిషో, ఒట్టి మొండిఘటం! ముద్ద ముద్దకీ ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది.

ఆ మధ్యాహ్నం ఆయన కంచం దూరంగా నెట్టేశాడు.

“ఏటైంది నాన్నా?”

ఆయన మొహం గోడకేసి తిప్పుకున్నాడు. ఆమె ఇన్నాళ్లూ అడగడానికి ధైర్యం చాలని ప్రశ్న, యంత్రం దగ్గరికెళ్లి గొంతు తగ్గించి అడిగింది.

“పాకమతీ, మా గొడవ ఆయనకి గుర్తొచ్చేసిందా?”

“వచ్చింది డాక్టర్. పోయిన నెలలోనే.”

“నెలా! నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడిగేదాకా చెప్పొద్దని ఆయనే నన్ను కోరారు.”

మందాకిని నిర్ఘాంతపోయింది. ఆ మర వండిన మెతుకు ముట్టనని ఒట్టేసిన మనిషి, దాంతోనే గుట్టుగా ఒప్పందం చేసుకున్నాడన్నమాట! నెల రోజులుగా అన్నీ తెలిసే తింటున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. తిరిగి తండ్రి దగ్గరికొచ్చింది.

“మరి ఆ కంచం ఎందుకు తోసేశావు నాన్నా?”

“తాలింపు నేదు, పాడు నేదు. ఈ పులుసు పెళ్లిలో పెడితే జనం నన్ను పందిరి రాటకి కట్టీసి కొడుదురు. ఓ గరిటి తే, దీనికి వంట నేర్పుతాను.”

“ఇంట్లో గరిట ఎక్కడుంది నాన్నా!” కళ్లు తుడుచుకుంటూ మెల్లిగా అడిగింది, “మరి... ఆ ఒట్టు సంగతి?”

అప్పలనరసయ్య కంచం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. తలెత్తకుండా ముద్ద కలుపుతూ అన్నాడు.

“ఏ ఒట్టే? బుర్రకి దెబ్బ తగిలినోడ్ని, నాకేటి గేపకం!”